అనంతపురం నుంచి సలమాంకాకు: ఇంటిల్లిపాదీ స్పానిష్ బడికి

అనంతపురంలో స్పానిష్ వాళ్లు కనబడటం వింత కాదు. బార్సిలోనాలో పుట్టిన విసెంతె ఫెర్రర్ 1969లో ఈ కరువు నేలకు వచ్చి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పని మొదలుపెట్టారు. అప్పటి నుంచి స్పెయిన్ డాక్టర్లు, వాలంటీర్లు, పిల్లల చదువుకు స్పాన్సర్ చేసేవాళ్లు వస్తూనే ఉన్నారు. 2009 జూన్‌లో, ఇక్కడివాళ్లు ఫాదర్ అని పిలుచుకునే ఫెర్రర్ పోయాక కూడా ఆ రాకపోకలు ఆగలేదు. మరుసటి ఏడాది రఫాయెల్ నడాల్ పేరుతో ఇక్కడ టెన్నిస్ స్కూలు కూడా వచ్చింది.

కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో పెరిగిన నేను కూడా స్పాన్సర్‌షిప్ పిల్లనే. హైస్కూలుకు వెళ్లడానికి సైకిల్ వచ్చింది అలాగే. ఏటా స్పెయిన్ నుంచి ఒక ఉత్తరం వచ్చేది. నేను బొమ్మ గీసి రెండు ముక్కలు తెలుగులో రాసిస్తే, ఎవరో దాన్ని స్పానిష్‌లోకి మార్చి పంపేవాళ్లు. ఇంటర్‌లో ఉన్నప్పుడు మా స్పాన్సరమ్మే ఊరికి వచ్చింది. డప్పులు, పూలదండలు, కొబ్బరికాయలు, ఇంటికొకరు కాదు, ఊరు మొత్తం కదిలింది. ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. పక్కనున్న అన్న అందులో సగం తెలుగులో చెప్పగలిగాడు. మిగతా సగం డప్పుల మోతలో కలిసిపోయింది. అది తెలుసుకోవాలన్న కోరిక మాత్రం నాలో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. ఆమెకు ఎనభై దాటాయి. మధ్యలో ఎవరూ లేకుండా ఆమెతో కూర్చుని మాట్లాడాలని ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్లో స్పానిష్ పాఠాలు విన్నాను. ఆర్డీటీలో పనిచేసే ఒక చెల్లెలు ఆదివారాలు ఇంటికొచ్చి నేర్పింది. పక్కన కూర్చుని పిల్లలు కూడా పట్టేసుకున్నారు. చీటీ డబ్బులు చేతికొచ్చిన ఏడాది, వేసవి సెలవుల్లో నలుగురం స్పెయిన్ వెళ్లి అక్కడే నేర్చుకుందామని నిర్ణయించాం. ఊరు సలమాంకా. మాడ్రిడ్ కంటే ఖర్చు తక్కువ, భాష స్పష్టంగా మాట్లాడే చోటని పేరు. అన్నిటికంటే ముఖ్యం, స్పాన్సరమ్మ ఉండే థమోరా అక్కడికి 65 కిలోమీటర్లే. మ్యాపులో జెడ్‌తో మొదలయ్యే ఊరే అది. ఆ ప్రాంతంలో జెడ్‌ను 'థ' అని పలుకుతారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

తొంభై రోజుల లోపు కోర్సుకు షెంగెన్ స్వల్పకాల వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) సరిపోతుంది. భాషా స్కూలు ఇచ్చిన అడ్మిషన్ లెటర్, బస ఎక్కడో చూపే కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. నాకు శాఖ నుంచి ఎన్‌ఓసీ కూడా కావాలి కాబట్టి సంక్రాంతి ముందే పని మొదలుపెట్టాను.

శనివారం

బెంగళూరు విమానాశ్రయం మన హైవే మీదే ఉండటం అనంతపురం వాళ్లకు పెద్ద సదుపాయం. శుక్రవారం రాత్రి అన్నం తిని కారెక్కితే మూడు గంటల్లో చేరిపోయాం. దుబాయ్‌లో విమానం మారి శనివారం మధ్యాహ్నం మాడ్రిడ్‌లో దిగాం. చెనక్కాయల పొడి, ఎండుకారం, చింతపండు పెట్టెలో ఉన్నాయి. నెయ్యి మాత్రం ఇంట్లోనే వదిలేశాం. బయటి దేశాల నుంచి యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు తేకూడదన్నది నియమం. వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

విమానాశ్రయం నుంచే సలమాంకాకు నేరుగా బస్సు ఉంది. దూరం సుమారు 210 కిలోమీటర్లు. గ్వాదర్రామా కొండల కింద సొరంగం దాటగానే నేల ఒక్కసారిగా చదునైంది. కనుచూపు మేర గోధుమ, మధ్యలో పొట్టిగా గుబురుగా ఓక్ చెట్లు, రోడ్డు పక్కన గట్ల మీద ఎర్రటి గసగసాల పూలు. మా ఆయన డ్రిప్ సామాను బిగించే పని చేస్తారు, ఊళ్లో కొంచెం మెట్ట భూమి కూడా ఉంది. ఆయన కళ్లు పంట మీద నుంచి తిప్పలేదు. ఫోన్లో వెతికి చూసి, "ఏమే, ఈడ ఏడాదికి పడేది 370 మిల్లీమీటర్ల వానంట. మనకు 550 పడుతుంది. మరి మనదెందుకు ఎండిపోతాంది?" అన్నారు. ఆ ప్రశ్న ఆయన్ని ఈ ప్రయాణం పొడుగునా వదల్లేదు.

రాత్రి తొమ్మిదికి కూడా పొద్దు గుంకలేదు.

ఆదివారం

మేం దిగింది ఒక పెద్దావిడ ఇంట్లో. పిల్లలు ఉద్యోగాలకని వెళ్లిపోయారు, రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, స్కూలు ద్వారా విద్యార్థులకు బస ఇస్తుంది. సెన్యోరా అని పిలిచాం. ముందే అడిగి తెలుసుకున్న విషయాలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది: పంది వద్దు, ఎద్దు వద్దు, కోడి, చేప, గుడ్డు, పప్పులు సరే. సలమాంకా జిల్లాలోని గీహ్వేలో అనే ఊరు పంది మాంసపు హామ్‌కు పేరుబడ్డది. ఇక్కడ చిక్కుడుకాయ కూరలో కూడా నాలుగు హామ్ ముక్కలు వేస్తారు. హోటల్లో ఏది అడిగినా "సిన్ హమోన్" (హామ్ లేకుండా) అనే మాట చివర చేర్చడం చిన్నోడికి మొదటి రోజే నోటికొచ్చేసింది.

మధ్యాహ్నం భోజనం రెండున్నరకు, రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు. ఇది సోమరితనమేమీ కాదు. భౌగోళికంగా చూస్తే పశ్చిమాన ఉన్న దేశం 1940 నుంచి జర్మనీ, ఇటలీల గడియారం పాటిస్తోంది. అందుకే మే నెలాఖరులో పది దగ్గర పడుతుంటే గానీ సూర్యుడు దిగడు.

సాయంత్రం ప్లాథా మయోర్‌కు వెళ్లాం. 1729లో మొదలై 1755లో పూర్తయిన కూడలి. ఆల్బెర్తో చురిగేరా గీసిన నమూనా. నాలుగు వైపులా భవనాలు, కింద వంపుల వరండాలు, వంపుల మధ్య రాజుల ముఖాలు చెక్కిన గుండ్రటి పలకలు. రాయి పక్కనే ఉన్న విల్యామయోర్ గ్రామం క్వారీలది. తవ్వినప్పుడు మెత్తగా ఉండి చెక్కుడుకు లొంగుతుంది, గాలికి గట్టిపడుతుంది. అందులోని ఇనుము వల్ల ఏళ్లు గడిచేకొద్దీ బంగారు రంగు తేలుతుంది. ఏటవాలు ఎండ పడుతున్న ఆ గోడల్ని చూస్తూ మేం నేల మీదే కూర్చుండిపోయాం. మా చుట్టూ తాతలు, అవ్వలు, తోపుడు బండ్లలో పసిపిల్లలు, గుంపులుగా విద్యార్థులు. కొనేది లేదు, అమ్మేది లేదు, నడుస్తున్నారు, నిలబడి మాట్లాడుకుంటున్నారు. రాత్రి పదకొండుకు చిన్నోడు అక్కడి పిల్లలతో బంతి ఆడుతున్నాడు. వాడికి అప్పటికి వచ్చిన స్పానిష్‌లో ఆటకు కావాల్సినంత ఉంది.

సోమవారం

స్కూల్లో ముందు పరీక్ష. ఏ1 అంటే మొదటి మెట్టు, ఏ2 దాని పైది. నాకు ఏ2, ఆయనకు ఏ1, పిల్లలకు వేరే గుంపు. మా పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నోడు నాలుగు. నా క్లాసులో ఒక జర్మన్ అబ్బాయి, ఇద్దరు అమెరికన్ అమ్మాయిలు, ఒక జపాన్ ఆవిడ, నేను. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా టీచరమ్మ ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు.

టీచర్ని కాబట్టి ఆమె పద్ధతిని జాగ్రత్తగా గమనించాను. తప్పు చేస్తే ఆపదు. మనం చెప్పిందే సరిచేసి ప్రశ్నలా తిరిగి అడుగుతుంది, మనం జవాబు చెప్పేటప్పుడు సరైన రూపం మన నోటి నుంచే వస్తుంది. జూన్‌లో బడి తెరవగానే మా ఐదో తరగతి ఇంగ్లీషు పీరియడ్‌లో ఇది చేసి చూడాలని నోట్సులో రాసుకున్నాను.

తెలుగువాళ్ల నాలుకకు స్పానిష్ బాగా అమరుతుంది. అ, ఎ, ఇ, ఒ, ఉ, ఈ ఐదు అచ్చులే, రాసినట్టే పలుకుతారు. గట్టి 'ర్ర' దగ్గర మిగతావాళ్లు అవస్థ పడుతుంటే మా ఆయన కర్ర, బర్రె, గొర్రె అన్నంత తేలిగ్గా అనేశారట. వాళ్ల టీచరు రెండుసార్లు అనిపించుకుని విన్నదట. కష్టం ఇంకోచోట ఉంది. బల్ల ఆడది, పుస్తకం మగది, చెయ్యి చూడటానికి మగ మాటలా ఉన్నా ఆడదే. ఇది వల్లె వేయడం తప్ప దారి లేదు.

మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చిన్న దుకాణాలన్నీ మూతే. మేం కూడా పడుకున్నాం.

మంగళవారం

ఈ రోజు క్లాసులో 'ఇష్టం' గురించి. స్పానిష్‌లో నేను కాఫీని ఇష్టపడతాను అనరు, కాఫీ నాకు నచ్చుతుంది అంటారు. తల నొప్పి కూడా నాకే. మనం ఇంట్లో రోజూ మాట్లాడే వరసే. అమెరికన్ అమ్మాయిలు బోర్డు మీద బాణాలు గీసుకుని అర్థం చేసుకుంటుంటే నేను నేరుగా మాట్లాడేశాను. అలాగే, వచ్చాను అన్నామంటే ఎవరు వచ్చారో వేరే చెప్పక్కర్లేదు, క్రియ చివరే చెప్పేస్తుంది. స్పానిష్‌లోనూ అంతే. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు ప్రతి వాక్యానికీ 'నేను' తగిలిస్తారు. అనంతపురంలో స్పానిష్ నేర్చుకోవాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఇదే: ఇంగ్లీషు మీదుగా వెళ్లకండి, తెలుగు నుంచి నేరుగా వెళ్లండి. నోట్సులో స్పానిష్ వాక్యం పక్కన తెలుగు వాక్యం రాసుకోండి.

సాయంత్రం స్కూలు వాళ్లు విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లారు. 1218లో మొదలైంది, స్పెయిన్‌లో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో అతి పాతది. ముందు గోడ మొత్తం సన్నటి చెక్కడం. అందులో ఎక్కడో ఒక కప్ప ఉంది, ఎవరి సాయం లేకుండా కనిపెట్టినవాళ్లు పరీక్ష పాసవుతారని విద్యార్థుల నమ్మకం. పెద్దది మెడ నొప్పెట్టేదాకా చూసి కుడివైపు స్తంభం మీద పుర్రె నెత్తిన కూర్చున్న కప్పను పట్టేసింది. పదో తరగతికి వస్తోంది కదా, ఆ సంతోషం చెప్పనలవి కాదు.

నాకు మాత్రం లోపల ఒక తరగతి గది దగ్గర కాళ్లు ఆగిపోయాయి. మొద్దు దూలాల్ని సరిగ్గా చెక్కకుండానే వరసగా వేసిన బల్లలు, వాటి మీద తరతరాల పిల్లలు కత్తితో గీసుకున్న పేర్లు. పదహారో శతాబ్దపు సన్యాసి, కవి ఫ్రాయ్ లూయిస్ దె లెయోన్ పాఠం చెప్పిన గది అది. బైబిల్లోని పరమగీతాన్ని జనం భాషలోకి అనువదించాడని మోపిన నేరం కూడా కలుపుకుని 1572లో మత విచారణ కోర్టు (ఇన్‌క్విజిషన్) వాళ్లు ఆయన్ని జైల్లో వేశారు. దాదాపు ఐదేళ్ల తర్వాత తిరిగొచ్చి, "నిన్న మనం చెప్పుకున్నట్టు" అంటూ పాఠం మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. ఆ మాట అన్నాడో లేదో గానీ, గది నిజం, బల్లలు నిజం. పాఠం చెప్పేవాళ్లు ఎవరైనా ఒకసారి చూడాల్సిన చోటు. ఆ బల్ల అంచు మీద చెయ్యి పెట్టి చూసే వీలు లేదు, తాడు కట్టారు. అయినా కళ్లతోనే గరుకు తెలుస్తుంది.

స్పానిష్ భాషకు తొలి వ్యాకరణం, అంతోనియో దె నెబ్రీహా రాసింది, 1492లో అచ్చయింది కూడా ఈ ఊళ్లోనే.

బుధవారం

క్లాసు అంటే ఈ రోజు బజారు. ప్లాథా మయోర్‌ను ఆనుకుని ఇనుప కమానుల పాత మార్కెట్ ఉంది. ఒక్కొక్కరి చేతికి ఒక చీటీ ఇచ్చి, అడిగి కొనుక్కురమ్మన్నారు. నా చీటీలో పప్పు. కొట్టు ఆయన రెండు సంచులు చూపించాడు. ఒకటి మామూలుది, ఇంకోటి లా అర్మూన్యా అని సలమాంకా ఉత్తరాన ఉన్న పొలాల్లో పండే పెద్ద గింజ మసూర పప్పు. దానికి ప్రాంతీయ గుర్తింపు ముద్ర ఉంది, ధర ఎక్కువ. ఎంతసేపు నానబెట్టాలి, ఎంతసేపు ఉడకాలి, పొట్టు విడుతుందా అని అడిగాను. ఆయన చేతిలో పది గింజలు పోసి, ఒకటి పంటికింద కొరికి చూపించాడు. నానబెట్టక్కర్లేదు, చన్నీళ్లలో వేసి సన్న సెగ మీద పెట్టమన్నాడు. నా వెనక ఇద్దరు ఆడవాళ్లు వరసలో ఉన్నారు. వాళ్లు విసుక్కోలేదు సరికదా, ఉల్లిగడ్డ ఎప్పుడు వేయాలో మధ్యలో వాళ్లూ చెప్పారు. ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నంత పుస్తకం ముందు ఒక పూటంతా కూర్చున్నా రాదు.

రాత్రి వంట మాది. సెన్యోరా వంటింట్లో ఆ పప్పుకే చింతపండు, ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయల తాలింపు పెట్టాం. అన్నం, పప్పు, చెనక్కాయల పొడి. పొడిని ఆమె ముందు వేలి కొసతో రుచి చూసింది, తర్వాత ఆలివ్ నూనె కలిపి రొట్టెకు రాసుకుని తింది. మా అమ్మ ఫోన్ చేసి, "ఏం తింటాండారు మా, పిల్లోళ్లు చిక్కిపోయింటారు" అంటుంటే ఫోన్ ఆమె వైపు తిప్పాను. ఇద్దరూ చెరో భాషలో పావుగంట మాట్లాడుకున్నారు. మధ్యలో పెద్దది అటూ ఇటూ చెప్పింది.

గురువారం

క్లాసులో రెండు రకాల గతకాలం. ఒకసారి జరిగి అయిపోయింది ఒకటి, అప్పట్లో అలా జరుగుతూ ఉండేది ఇంకొకటి. జర్మన్ అబ్బాయి చాలా కుస్తీ పట్టాడు. మనకు వెళ్లాను, వెళ్లేదాన్ని అని ఉండనే ఉన్నాయి కాబట్టి ఎక్కడ ఏది వాడాలో నాకు అడగకుండానే తెలిసింది. రూపాలు కంఠస్థం చేస్తే చాలు.

పిల్లలకు సాయంత్రం కెథీడ్రల్ దగ్గర అందరూ చూపించే వ్యోమగామి. 1513లో మొదలైన గుడి గోడ మీద అంతరిక్షంలో తేలే మనిషి ఏమిటని కంగారు పడక్కర్లేదు. 1992లో ద్వారం మరమ్మతు చేసినప్పుడు ఆ కాలపు గుర్తుగా చెక్కారు. పక్కనే ఐస్‌క్రీమ్ తింటున్న ఒక వింత జంతువు కూడా ఉంది. చిన్నోడికి అదే ఎక్కువ నచ్చింది.

శుక్రవారం

వాన. క్లాసు, హోంవర్క్, రేపటి కోసం చెప్పాలనుకున్న మాటలు కాగితం మీద రాసుకోవడం. టీచరమ్మ చదివి రెండు చోట్ల దిద్దింది. "రేపు ఈ కాగితం తీసుకెళ్లకు" అంది.

శనివారం

థమోరాకు బస్సులో గంట. దుయేరో నది ఒడ్డున పాత ఊరు. చర్చి గోపురాల మీదంతా కొంగలు. కట్టెపుల్లలతో ఇంతింత గూళ్లు, పైన ముక్కులు టకటక కొట్టుకుంటూ జంటలు. మన చిలమత్తూరు దగ్గరి వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే కొంగల్ని పిల్లలకు చూపించి ఉన్నాను కాబట్టి వాళ్లు లెక్కపెట్టుకుంటూ నడిచారు.

ఆమె రెండో అంతస్తులో ఉంటుంది. తలుపు తీసి, నా ముఖం రెండు చేతుల్లో పట్టుకుని చూసింది. వయసుతో కాస్త కుంచించుకుపోయినట్టుంది, మనిషి నిటారుగానే ఉంది. స్పెయిన్‌లో ఈ రోజుల్లో కొట్లో, బస్సులో అందరూ నువ్వు అనే పిలుచుకుంటారు. ఆమె కూడా నన్ను అలాగే పిలవమంది. నాకు నోరు రాలేదు. మీరు అనే మాట్లాడాను, ఆమె ఒప్పుకుంది.

బడిలో పాఠాలు చెప్పిన మనిషి ఆమె. ఉత్తరాల్లో ఆ సంగతి ఎప్పుడూ రాలేదు. నెమ్మదిగా, విడివిడిగా మాట్లాడింది. నేను క్రియ తప్పు చెబితే సరైన రూపం తను ఒకసారి అని తల ఊపేది, నేను మళ్లీ అని ముందుకెళ్లేదాన్ని. శనగలు, పాలకూర వేసి ఉడికించిన కూర పెట్టింది. శనగలు ఫుయెంతెసౌకోవి, థమోరా జిల్లాలోనే పండుతాయి, వెన్నలా ఉన్నాయి. తిన్నాక అసలు మాట మొదలైంది.

ఆమె పనిచేసింది పోర్చుగల్ సరిహద్దు వైపు ఒక పల్లెలో. వెళ్లిన కొత్తలో ఒకే గదిలో బల్లలు చాలక పిల్లలు కింద కూర్చునేవాళ్లు. తర్వాత ఊరివాళ్లు మాడ్రిడ్‌కు, బిల్బావోకు, జర్మనీ ఫ్యాక్టరీలకు వెళ్లడం మొదలుపెట్టారు. పండక్కి వచ్చేవాళ్లు, ఆ తర్వాత పండక్కి కూడా రావడం మానేశారు. థమోరా జిల్లా మొత్తానికి 1950లో మూడు లక్షలకు పైగా జనాభా ఉండేది, ఇప్పుడు లక్షా డెబ్బై వేల లోపే. ఒక సంవత్సరం ఆమె బడిలో పిల్లలు లేక మూసేయమని ఉత్తరువు వచ్చింది. "తాళం వేసింది నేనే" అంది. ఆ తర్వాతి చలికాలంలో అనంతపురం గురించి విన్నదట. "ఇక్కడ బడి ఉంది, పిల్లలు లేరు. అక్కడ పిల్లలు ఉన్నారని చెప్పారు. మీ ఊరు వచ్చినప్పుడు నీకు చెప్పింది ఇదే."

డప్పుల మోతలో పోయిన మాట అదీ.

నేను కూడా మా ఊరి గురించి చెప్పాను. వానలు లేని ఏడాది ఇళ్లకు తాళాలు వేసుకుని బెంగళూరు, కేరళ పనులకు వెళ్లేవాళ్లని, ముసలివాళ్ల దగ్గర వదిలిన పిల్లలు బడి మానేసేవాళ్లని, ఇప్పుడు మా దగ్గర కూడా పిల్లలు తగ్గిన బళ్లను పక్క ఊరి బడిలో కలుపుతున్నారని. ఆమె అడిగిన ప్రశ్నలు టీచరు అడిగే ప్రశ్నలు. ఒక క్లాసులో ఎంతమంది? పుస్తకాలు ఎప్పుడు వస్తాయి? ఆడపిల్లలు ఎన్నో తరగతిలో మానేస్తున్నారు? నాకు మాట దొరకని చోట పెద్దది అందించింది. శుక్రవారం రాసుకున్న కాగితంలోని మాటల్లో ఒకటి రెండు తప్ప వాడే అవసరమే రాలేదు.

మేం తీసుకెళ్లింది నిమ్మలకుంట తోలుబొమ్మ, హనుమంతుడు. మేకతోలును పారదర్శకంగా గీకి, సన్న ఉలితో చుక్కలు పొడిచి, ఎరుపు ఆకుపచ్చ రంగులు అద్దినది. పిల్లలు కిటికీ తెర మూసి, టేబుల్ దీపం ముందు పట్టారు. చుక్కల గుండా వెలుగు గోడ మీద పడి హనుమంతుడు నిలువెత్తు లేచాడు. తోక ఎందుకు అంత పొడుగు, చేతిలో కొండ ఏమిటని ఆమె అడిగితే, చిన్నోడు తనకొచ్చిన స్పానిష్‌లో రామాయణం సగం చెప్పేశాడు.

మా ఆయన ఈలోగా బాల్కనీలో ఉన్నారు. జెరేనియం పూలకుండీలు, ఆమెకు వంగి నీళ్లు పోయడం కష్టమవుతోంది. కింద కొట్లో సన్నటి ప్లాస్టిక్ గొట్టం కొనుక్కొచ్చి, ఐదు లీటర్ల నీళ్ల డబ్బాకు బెజ్జం పెట్టి, ఒక్కో కుండీకి ఒక్కో చుక్క పడేలా ముడులు బిగించి డ్రిప్ అమర్చారు. గొట్టం ఎంత నొక్కితే ఎంత నీరు వస్తుందో ఆమె చేత చేయించి చూపించారు, ఏ1 స్పానిష్‌తోనే. ఆమె మూడోసారికి తనే సరిచేసుకుంది. సాయంత్రం ఆఖరి బస్సుకు గానీ మమ్మల్ని వదల్లేదు.

ఆదివారం

స్కూలు బస్సులో సెగోవియా. రోమన్లు సుమారు 1,900 ఏళ్ల కింద కట్టిన నీటి వంతెన చూడటానికి. ఊరి నడిబొడ్డున 28 మీటర్ల ఎత్తున, వంపు మీద వంపు, గ్రానైట్ దిమ్మెలు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాళ్ల బరువే రాళ్లను నిలబెట్టింది. కొండల్లోని వాగు నుంచి మైళ్ల కొద్దీ వాలు మీదే నీళ్లు వచ్చేవి, గత శతాబ్దం దాకా ఊరికి అందాయి.

మా ఆయన ఒక స్తంభం మొదట్లో నిలబడి పైకి చూస్తూ ఉండిపోయారు. హంద్రీ-నీవా కాలువలో కృష్ణ నీళ్లు జీడిపల్లికి వచ్చిన రోజు చూడటానికి వెళ్లిన మనిషి ఆయన. శ్రీశైలం వెనక నుంచి మెట్టు మెట్టుకూ పంపులు పెట్టి ఎత్తితే గానీ ఆ నీళ్లు మన ఎత్తుకు రావు. "మోటారు లేదు, కరెంటు లేదు. వీళ్లకు కొండ పైనుండాది, మనకు నది కిందుండాది" అన్నారు. వాలు ఎంత ఇచ్చారో లెక్కలు గైడును అడిగారు, ఆమె ఓపిగ్గా చెప్పింది. తక్కిన వాళ్లు కోట చూడటానికి వెళ్లినప్పుడు మేం వెనకే ఉండిపోయి, వంతెన ఎత్తు తగ్గి నేలలో కలిసే చోటు దాకా నడిచి చూశాం. సెగోవియా వెళ్తే ఆ నడక నడవండి, చాలామంది కూడలిలో ఫొటో దిగి వెనక్కి వస్తారు.

సోమవారం, మంగళవారం, బుధవారం

క్లాసులు గట్టి పడ్డాయి. మంగళవారం చిన్నోడు ఆటలో మోకాలు చెక్కుకున్నాడు. ఆకుపచ్చ ప్లస్ గుర్తు వెలుగుతున్న మందుల షాపుకు పెద్దది ఒక్కతే వాణ్ని తీసుకెళ్లి, ఎలా పడ్డాడో, ఎప్పుడు పడ్డాడో చెప్పి కట్టు కట్టించుకొచ్చింది. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో వంతుల వారీగా ఒక మందుల షాపు తెరిచి ఉంటుంది, ఏది తెరిచి ఉందో మిగతా షాపుల తలుపుల మీద రాసి ఉంటుంది. అత్యవసరమైతే 112.

పెద్దది డెలె పరీక్ష రాస్తానంటోంది. స్పెయిన్ ప్రభుత్వం తరఫున సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే సర్టిఫికెట్ అది, బడి పిల్లలకు వేరే స్థాయి కూడా ఉంది. ఆ సంస్థ ఢిల్లీలో 2009 నుంచి నడుస్తోంది.

గురువారం

తోర్మెస్ నది మీద రోమన్ వంతెన. ఊరి వైపు వంపులు రోమన్ల నాటివి, తక్కినవి వరదల తర్వాత కట్టినవి. సాయంత్రం అటు చివరకు నడిచి వెనక్కి చూస్తే నీళ్లలో కెథీడ్రల్ కనిపిస్తుంది. సెన్యోరా కూడా మాతో వచ్చింది.

శుక్రవారం

ఆఖరి క్లాసులో ఒక్కొక్కరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఏ1 వాళ్లకూ అంతే. మా ఆయన క్లాసుకు నేను కూడా వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను.

ఆయన బోర్డు మీద రెండు సున్నాలు గీసి, ఒకదాంట్లో 370, ఇంకోదాంట్లో 550 అని రాశారు. చిన్న చిన్న వాక్యాలు. సలమాంకాలో వాన తక్కువ. చలికాలం పడుతుంది. ఎండ ఉండదు. నీళ్లు మట్టిలో ఉంటాయి. అనంతపురంలో వాన ఎక్కువ. కొన్ని రోజుల్లోనే అంతా పడుతుంది. ఎర్రనేల, లోతు లేదు, కింద బండ. ఎండ నీళ్లు తాగేస్తుంది. అందుకే చుక్క చుక్కగా ఇవ్వాలి. అంటూ జేబులోంచి డ్రిప్ గొట్టం ముక్క తీసి క్లాసులో అందరి చేతులకూ ఇచ్చారు. ఇంటి నుంచే తెచ్చారని నాకు అప్పుడే తెలిసింది. గొట్టంలో నీరు బయటకు వచ్చే బెజ్జాన్ని ఒక కొరియా కుర్రాడు గోటితో తడిమి చూసి, ఇది మట్టితో మూసుకుపోదా అని అడిగాడు. మూసుకుపోతుంది, ఫిల్టర్ పెట్టాలి, వారానికోసారి కడగాలి అని ఆయన జవాబిచ్చారు. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి, టీచరు ఆపలేదు.

చివర్లో ఆమె అడిగింది, ఇంటికెళ్లి ఈ ఏడు ఏం వేస్తారని.

"చెనక్కాయ," అన్నారు ఆయన స్పానిష్‌లో. "జూన్‌లో వాన పడితే జూన్‌లో. లేకపోతే జూలైలో."